వైజాగ్‌లో బయట తినడానికి వెళ్తే మెనూ కంటే ముందు ఏం అడగాలి

పార్వతీపురం నుంచి మా బాబాయి వాళ్ళు ఏటా మే నెలలోనే వస్తారు, పిల్లలకి సెలవులు కదా. కైలాసగిరి ఎక్కి, కురుసుర సబ్‌మెరైన్‌లో దూరి బయటికొచ్చి, ఆర్కే బీచ్‌లో కాళ్ళు తడుపుకున్నాక బాబాయి అడిగేది ఒక్కటే: "ఒరే, సముద్రం పక్కనే ఉన్నావు, మంచి కోనాం చేప తినిపించరా." అక్కడే వస్తుంది చిక్కు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లు వేటకి వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం ఆపుతుంది. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ వరసగా కట్టేసి ఉంటాయి, హోటల్ మెనూలో మాత్రం వంజరం ఫ్రై, వంజరం పులుసు, వంజరం తవా అన్నీ కళకళలాడుతుంటాయి. (కోనాం అన్నా వంజరం అన్నా ఒకటే, మనవాళ్ళు కోనాం అంటారు, మెనూలు వంజరం అంటాయి.) మరి ఆ చేప ఎక్కడిది? చాలావరకు ఐస్‌లో దాచిందో, జూన్ 1 దాకా వేట ఆగని పడమటి తీరం నుంచి వచ్చిందో అయ్యుంటుంది. తినకూడదని కాదు, తాజా చేప రేటు పెట్టి తినకూడదు.

బయట తినడంలో మనం చేసే పెద్ద తప్పు మెనూ చూసి ఆర్డర్ ఇచ్చేయడం. అందులో నూట యాభై ఐటెమ్స్ ఉంటాయి, వంటగదిలో ఉన్న నలుగురి చేతికి బాగా వచ్చినవి పదో పన్నెండో. అవేవో కనుక్కోవాలి. "ఏది బాగుంటుంది?" అని అడిగితే "అన్నీ బాగుంటాయి సార్" అంటాడు, పాపం ఇంకేమంటాడు. "ఇవాళ ఏ చేప వచ్చింది?", "మధ్యాహ్నం నుంచి ఎక్కువ ఏది వెళ్ళింది?" అని అడగండి. మొహమాటం లేకపోతే "మీ స్టాఫ్ ఏం తిన్నారు?" అని కూడా. మద్దిలపాలెంలో ఒక చిన్న చోట నేను ఇలాగే అడిగితే కుర్రాడు నవ్వి, "నెత్తళ్ళ ఇగురు సార్, అది మెనూలో లేదు" అని లోపలికెళ్ళి చిన్న గిన్నెలో తెచ్చిపెట్టాడు. ఆ రోజు డబ్బులిచ్చి తిన్నవాటిలో ఏదీ దాని దరిదాపుల్లోకి రాలేదు.

ఇక చేపల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఊళ్ళో ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. మెనూలో కొన్ని చేపల పక్కన రేటు బదులు "ఏపీఎస్" అని ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నేను ఆంధ్రప్రదేశ్ స్టైల్ అనుకున్నాను, నిజంగానే! బీచ్ రోడ్డు వైపు ఒక రెస్టారెంట్లో పండుగప్ప తందూరీ చెప్పాను, మన స్టైల్లో చేస్తారు కదా అని ధీమాగా. తెచ్చింది పళ్ళెం దాటి తోక బయటికొచ్చిన చేప. తిన్నాం, బాగుంది, బిల్లు చూశాక మాత్రం నోట్లో ముద్ద ఆగిపోయింది. ఏపీఎస్ అంటే యాజ్ పర్ సైజ్, చేప సైజును బట్టి రేటు. కాబట్టి ఆ మూడక్షరాలు కనిపిస్తే ముందు చేపని తెచ్చి చూపించమనండి, తూకం ఎంత, కిలో ఎంత, శుభ్రం చేయకముందు తూకమా చేశాకా, ఈ మూడూ అడిగాకే సరేననండి. చూపించమంటే మొహం మాడ్చుకునే చోట చికెన్ చెప్పుకుని బయటపడటం మేలు.

చూపించినప్పుడు ఏం చూడాలంటే, కన్ను తేటగా, కాస్త ఉబ్బినట్టుండాలి, లోపలికి పోయి తెల్లబారితే పాతది. మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోకూడదు. ముందే ఎర్రటి మసాలా పూసి ఐస్ మీద పేర్చిన ముక్కలు చూడ్డానికి బాగుంటాయి కానీ ఆ మసాలా కింద ఏముందో కనిపించదు, వాసనా తెలీదు. మసాలా పెట్టని చేప ఉందా అని అడగండి.

నిషేధం రోజుల్లో వస్తే చెరువుల్లో పెంచినవి చెప్పుకోవడం తెలివైన పని. పండుగప్పని మన రాష్ట్రంలో చెరువుల్లో పెంచుతారు, వనామీ రొయ్యలైతే చెప్పనే అక్కర్లేదు, వాటికి సముద్రం సెలవులతో పనిలేదు. మా బాబాయికి రొయ్యల ఇగురు పెట్టించి గండం గట్టెక్కాను. జూన్ నెలాఖరు నుంచి వస్తే చందువా, పారలు, కోనాం, సొర అన్నీ చూసుకోవచ్చు. సొర పొరటు మాత్రం రెస్టారెంట్ కంటే ఇంట్లోనే బాగుంటుందని నా అభిప్రాయం.

టిఫిన్ల గురించి ఎక్కువ చెప్పను, అది ఎవరి వీధి వాళ్ళకి ముద్దు. పొద్దున్న ఎనిమిదిలోపు వెళ్ళండి, పూరీకి బొంబాయి చట్నీ ఇచ్చే చోటు వెతుక్కోండి, మినపరొట్టె చేస్తే దోశ జోలికి పోవద్దు. మీల్స్‌కి మటుకు టైమ్ ముఖ్యం. పన్నెండున్నరకి కూర్చుంటే వేపుడు కరకరలాడుతుంది, రెండున్నరకి వెళ్తే అదే వేపుడు చల్లబడి మెత్తబడి, సాంబారు అడుగంటి, పప్పులో నీళ్ళు చేరతాయి. రేటు అదే. పెద్ద మీల్స్ హోటళ్ళలో నాన్‌వెజ్ కూర విడిగా చెప్పుకోవాలి, అది రెండు పూటలదీ కలిపి ఒకేసారి వండుతారా అని అడగడంలో తప్పులేదు.

బిర్యానీకి రెండు రకాల జనం ఉన్నారు ఇక్కడ. జగదాంబ దగ్గర ఆల్ఫా లాంటి పాత హోటళ్ళ దమ్ బిర్యానీ వాళ్ళు ఒకరు, ఫ్రై పీస్ బిర్యానీ వాళ్ళు ఇంకొకరు. ఫ్రై పీస్ అంటే అన్నం వేరు, కోడి వేపుడు వేరు, చివర్లో కలుపుతారు. వేపుడు అప్పుడే దించిందైతే అద్భుతం, పొద్దుటిదైతే పీచు. అందుకని దాన్ని రద్దీ టైమ్‌లోనే తినాలి. దమ్ అయితే హండీ ఎప్పుడు తెరిచారో అడగండి, సగానికి పైగా నిండుగా ఉన్న హండీలో ముక్కలు బాగుంటాయి. ఫ్యామిలీ ప్యాక్ నలుగురికని రాస్తారు, మనలాంటి వాళ్ళు ముగ్గురికే సరిపోతుంది.

బొంగులో చికెన్ కోసం అరకు వెళ్ళలేని వాళ్ళు ఊళ్ళోనే తింటున్నారు ఇప్పుడు. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు, నూనె పెద్దగా పనిలేదు, బొంగులోని తడితోనే ఉడుకుతుంది. దానికి అరగంట పైనే పడుతుంది. ఆర్డర్ చెప్పిన పది నిమిషాలకి వచ్చిందంటే మూకుట్లో వండి బొంగులో పోశారని అర్థం. బొంగు బయట మాడి నల్లగా ఉండాలి, కడిగి పెట్టినట్టు పచ్చగా నిగనిగలాడుతుంటే అది గిన్నె కింద లెక్క.

పక్క రాష్ట్రాల తిండికి వైజాగ్ మంచి ఊరు, చాలామంది పట్టించుకోరు గానీ. తూర్పు నౌకాదళం ఇక్కడే, స్టీల్ ప్లాంట్ ఇక్కడే, వాల్తేరు రైల్వే డివిజన్‌కి ఏళ్ళ తరబడి హెడ్డాఫీసు భువనేశ్వర్, ఇక బెంగాలీ టూరిస్టులు సరేసరి. కాబట్టి ఒడియా, బెంగాలీ, మలయాళీ వంటలు వాళ్ళ కోసం వాళ్ళు వండుకునే చిన్న చిన్న చోట్లున్నాయి. పక్క టేబుళ్ళ మీద ఆ భాష వినబడితే సరైన చోటికొచ్చినట్టే. అక్కడికెళ్ళి చికెన్ బిర్యానీ చెప్పకండి. ఒడియా వాళ్ళ దగ్గర దాల్మా చెప్పండి, మన ముక్కల పప్పుకి అక్కలాంటిది. ఎండాకాలం పఖాళ దొరికితే వదలొద్దు, మన చద్దన్నమే, పక్కన వేయించిన చేపో బడియో (మన వడియం లాంటిది) ఉంటుంది. బెంగాలీ చోట ఆవపిండి వేసిన చేప కూర, దానికి తెల్లన్నం. ముళ్ళు ఎక్కువుంటాయి, పిల్లలకి పెట్టేటప్పుడు జాగ్రత్త. కేరళ వాళ్ళ దగ్గర ఎర్రటి మట్ట బియ్యం లావుగా ఉంటుంది, మొదటిసారైతే సగమే పెట్టించుకోండి, అప్పం స్టూ అయితే ఎవరికైనా నచ్చుతుంది.

ఇప్పుడు చైనీస్, థాయ్, కొరియన్ వగైరా. మనం చైనీస్ అనుకునే మంచూరియా పుట్టింది చైనాలో కాదు, ముంబయిలో, 1975లో నెల్సన్ వాంగ్ చేశాడని చెబుతారు. కాబట్టి అది మన తిండే అనుకుని నిశ్చింతగా తినొచ్చు, అసలైన చైనీసేనా అని వాదన అనవసరం. సూప్ వన్ బై టూ చెప్పండి, ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గరైతే నూనె రంగు ఒకసారి చూడండి, నలుగురికి ఒక రైసు ఒక నూడుల్స్ చాలు.

థాయ్ దగ్గర మాత్రం ఆగాలి. మా పిన్ని శనివారం నీచు ముట్టదు. సిరిపురం వైపు ఒక చోట వెజ్ గ్రీన్ కర్రీ అని మెనూలో చక్కగా ఆకుపచ్చ చుక్క పెట్టి ఉంది. ఎందుకైనా మంచిదని "ఫిష్ సాస్ వేస్తారా?" అని అడిగాను. "లేదు సార్, వెజ్" అన్నాడు. "మసాలా పేస్ట్ మీరే నూరతారా, డబ్బాదా?" అన్నాను. లోపలికెళ్ళాడు, ఐదు నిమిషాలకి వచ్చాడు, గొంతు తగ్గించి చెప్పాడు: "సార్, పేస్ట్‌లోనే రొయ్య ఉందంట." పిన్ని మంచినీళ్ళ గ్లాసు కూడా పక్కకి జరిపేసింది. కాబట్టి శాకాహారులు, వారాలు పాటించేవాళ్ళు, రొయ్య పడనివాళ్ళు "వెజ్జేనా" అని అడిగి ఊరుకోవద్దు, పదార్థం పేరుపెట్టి అడగాలి. థాయ్‌లో ఫిష్ సాస్, రొయ్యల ముద్ద. చైనీస్‌లో ఆయిస్టర్ సాస్, అంటే ఆల్చిప్పలతో చేసింది. కొరియన్ కిమ్చీలో ఉప్పు రొయ్య లేదా చేప సాస్. జపాన్ మిసో సూప్‌లో ఎండుచేపతో కాచిన నీళ్ళు. పల్లీలు పడని వాళ్ళు పల్లీలు వేసే థాయ్ నూడుల్స్, ప్యాడ్ థాయ్, ముట్టొద్దు. మోమోలు వెజ్జూ నాన్‌వెజ్జూ ఒకే గిన్నెలో ఆవిరి పడతారేమో చూసుకోండి.

కారం సంగతి కూడా చెప్పాలి. "స్పైసీగా చెయ్" అంటే మనవాళ్ళు ఎండుకారం కుమ్మరిస్తారు, థాయ్ కూర రుచి పోయి మన కోడికూరకి కొబ్బరిపాలు పోసినట్టు తయారవుతుంది. మామూలుగా చెయ్యమని, పచ్చిమిర్చి ముక్కలు విడిగా తెప్పించుకోండి. టామ్ యమ్ అనే థాయ్ సూప్ మన చారుకి దూరపు చుట్టం. అందులో తేలే నిమ్మగడ్డి, ఆకులు నమలకండి, కరివేపాకు పక్కన పెట్టినట్టు పెట్టేయడమే.

బిల్లు వచ్చాక ఫోన్ చూస్తూ కార్డు ఇచ్చేయకండి, నాలుగు గీతలే, చదవండి. మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం, బిల్లు మీద సగం సగం రెండు వరసల్లో ఉంటుంది. పెద్ద స్టార్ హోటల్ లోపలి రెస్టారెంట్ అయితే 18 శాతం ఉండొచ్చు, కూర్చునే ముందే అడగండి. సర్వీస్ చార్జ్ వేరు, అది పన్ను కాదు. మనల్ని అడగకుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సరేనంది. 1,200 రూపాయల తిండికి జీఎస్టీతో 1,260 కావాలి. 10 శాతం సర్వీస్ చార్జ్ కలిపి దాని మీద మళ్ళీ జీఎస్టీ వేస్తే 1,386 అవుతుంది. 126 రూపాయలు! "ఇది తీసేయండి" అని మామూలు గొంతుతో చెప్తే చాలాచోట్ల మారుమాట లేకుండా తీసేస్తారు, తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆ డబ్బులో యాభై చేపల తూకం నిజం చెప్పిన కుర్రాడి చేతిలో పెట్టండి.

మిగిలింది పార్సిల్ కట్టించేటప్పుడు నూడుల్స్, మంచూరియా, వేపుళ్ళు వదిలేయండి, ఇంటికెళ్ళేసరికి చెమ్మగిల్లి ఎవరూ ముట్టరు. చేపల పులుసు మాత్రం గరిటెడున్నా కట్టించండి, కవర్లో కాదు డబ్బాలో. పొద్దున్నే వేడన్నంలోకి అది రాత్రి హోటల్లో తిన్నదానికంటే బాగుంటుంది, బాబాయి లేచేలోపు తినేయాలి.