పిల్లి ఒంటి మీద, నోట్లో మానని పుండు: వైరస్ వల్లా, ఎండ వల్లా? ఎలా తేల్చుకోవాలి?

మా తెల్ల పిల్లి చెవి అంచున చిన్న పక్కు కట్టింది. వీధిలో గండుపిల్లితో కొట్లాడి తెచ్చుకుంది కాబోలు అనుకుని పసుపు, కొబ్బరినూనె రాస్తూ నెల గడిపేశాం. పక్కు ఊడేది, అడుగున ఎర్రగా తడి, రెండు రోజుల్లో మళ్లీ పక్కు. చివరికి స్క్వామస్ సెల్ కార్సినోమా అని తేలింది. చర్మం పై పొర కణాల్లో పుట్టే క్యాన్సర్ అది. ఆ నెలలో మేం ఏం చేసి ఉండాల్సిందో ఇప్పుడు తెలుసు కాబట్టి రాస్తున్నా.

1. వారానికోసారి వెలుతురులో చూడండి

చెవి కొనలు, ముక్కు, కనురెప్పలు ముందు. తర్వాత బొచ్చు పాయలు తీస్తూ తల, మెడ, భుజాలు, కాళ్లు. ఏదైనా కనిపిస్తే పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీయండి. రెండు మూడు వారాల్లో మానకపోతే ఇంటివైద్యం ఆపేసి పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

2. ఎక్కడ వచ్చిందో గమనించండి

సగం సమాధానం అక్కడే దొరుకుతుంది. తెల్ల పిల్లులకు బొచ్చు పల్చగా ఉండే చెవి కొనల మీద, ముక్కు మీద వస్తే మొదటి అనుమానం ఎండ మీదే. బొచ్చు దట్టంగా ఉన్నచోట, నల్లటి చర్మం మీద కూడా, గరుకుగా పొట్టు రాలే మచ్చలు ఒకటికి నాలుగు లేస్తే పాపిల్లోమావైరస్‌ను (పులిపిర్లు లేపే రకం వైరస్) అనుమానించాలి. ఈ మచ్చలు ముదిరితే బోవెనాయిడ్ ఇన్ సిటు కార్సినోమా అంటారు. అంటే క్యాన్సర్ ఇంకా పై పొర దాటి లోపలికి దిగలేదన్నమాట. ఎక్కువగా వయసు మళ్లిన పిల్లుల్లో చూస్తాం. డెవన్ రెక్స్, స్ఫింక్స్ జాతులకు చిన్న వయసులోనే రావచ్చు.

అలాగని గీత గీసినట్టు విడదీయలేం. ముక్కు మీది క్యాన్సర్లలోనూ కొన్నిట్లో ఈ వైరస్ కనిపిస్తుంది. ఎండా వైరసూ కలిసి పనిచేస్తున్నట్టే ఉంది.

3. ‘వైరస్ ఉంది’ అనగానే టెన్షన్ పడకండి

పిల్లుల్లో ఎక్కువగా తగిలేది ఫెలిస్ కాటస్ పాపిల్లోమావైరస్ టైప్ 2. తల్లి నాకి శుభ్రం చేసే రోజుల్లోనే కూనకు అంటుకుంటుంది. చాలా పిల్లులు దాన్ని ఒంటి మీద మోస్తూనే నిక్షేపంగా బతికేస్తాయి. అందుకే చర్మాన్ని దూదితో తుడిచి పీసీఆర్ (వైరస్ జన్యువులను పట్టే పరీక్ష) చేయించి పాజిటివ్ వచ్చినా, పుండు దాని వల్లే వచ్చిందని అర్థం కాదు. ఆ డబ్బు బయాప్సీకి, అంటే పుండు ముక్క తీసి చేసే పరీక్షకు దాచుకోండి.

4. ముక్క తీయించండి

మత్తిచ్చి చిన్న ముక్క తీసి, ఫార్మలిన్ సీసాలో ల్యాబ్‌కు పంపుతారు. పుండు పైనున్న పక్కు ఒక్కటే పంపితే లాభం లేదు, కింది కణజాలం కావాలి. వీలుంటే పి16 అనే ప్రోటీన్ కోసం పరీక్ష చేస్తారేమో అడగండి. వైరస్ తయారుచేసే ఈ6, ఈ7 అనే ప్రోటీన్లు కణం విభజనకు బ్రేకుల్లాంటి పి53, ఆర్‌బీలను పనిచేయనీయవు. ఆర్‌బీ పోతే కణంలో పి16 పేరుకుపోతుంది. చర్మపు ముక్కలో అది గాఢంగా కనిపిస్తే వైరస్ హస్తం ఉందనడానికి మంచి ఆధారం. ఎఫ్‌ఐవీ (పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్) రక్తపరీక్ష కూడా చేయించండి, రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లిలో వైరస్ చెలరేగే అవకాశం ఎక్కువ.

5. నోటి సంగతి వేరు

మనుషుల గొంతు క్యాన్సర్లకు పాపిల్లోమావైరస్ కారణమవుతుందని విని, పిల్లి నోటికీ అదే కథ అనుకుంటాం. పిల్లి నోటి క్యాన్సర్లో ఈ వైరస్ పాత్రకు ఆధారాలు చాలా బలహీనం. ఇంట్లో సిగరెట్ పొగకూ దీనికీ సంబంధం ఉండొచ్చని అధ్యయనాలున్నాయి.

చొంగ కారడం, భరించలేని వాసన, ఒకవైపే నమలడం, నోట్లోంచి మెతుకులు జారిపోవడం, ఒంటిని నాక్కోవడం మానేయడం: వీటిలో ఏది కనిపించినా ఆగకండి. నాలుక కింద చూడమని డాక్టరుకు చెప్పండి, గడ్డ దాక్కునే చోటు అదే. పన్ను కదులుతోందని పీకించాక ఆ గుంత మానకపోయినా అనుమానించాలి. ఈ క్యాన్సర్ ఎముకలోకి త్వరగా పాకుతుంది, ఆలస్యమైతే చాలా పిల్లులు కొన్ని నెలలకు మించి బతకవు. చెవి పుండుకైతే ఇంత భయం లేదు, తొందరగా చెవి కొన కోసేస్తే చాలాసార్లు పూర్తిగా నయమైపోతుంది.

6. చేయకూడనివి

మనుషుల సన్‌స్క్రీన్ రాయొద్దు. జింక్ ఆక్సైడ్, సాలిసిలేట్లు నాకితే పిల్లికి విషం. నొప్పి తగ్గుతుందని పారాసిటమాల్ అసలే వద్దు, ఒక్క మాత్ర చాలు ప్రాణం పోవడానికి. పలచటి మచ్చలకు వాడే ఇమిక్విమాడ్ క్రీము కూడా డాక్టరు చెబితేనే, మెడకు గరాటు లాంటి కాలర్ తగిలించి, నాకకుండా చూసుకుంటూ రాయాలి.

మీకు అంటుకుంటుందన్న భయం వద్దు. పాపిల్లోమావైరస్‌లు సాధారణంగా తమ జాతిని దాటవు. పశువుల వైరస్ ఒకటి మాత్రం పాకల దగ్గర తిరిగే పిల్లుల్లో సార్కాయిడ్ అనే గడ్డలు లేపుతుంది. మనుషుల జోలికి రాదు.

మా పిల్లి కుడి చెవి ఇప్పుడు సగమే ఉంది. పొద్దున పదింటికి కిటికీ గూట్లోంచి దింపి తెర వేస్తాం, నాలుగు దాకా తీయం. అది మాత్రం ఆ తెర కిందే దూరి తోక బయటపెట్టుకుని పడుకుంటుంది.