రేడియో విమానాలు – 4వ పాఠం: మైదానంలో ఫ్రీక్వెన్సీ జాగ్రత్తలు

కిందటి పాఠంలో రిసీవర్‌ని మోడల్‌లో బిగించి యాంటెన్నా సర్దాం. ఇక మైదానానికి వెళ్దాం. అక్కడ మీ సెట్ (చేతిలో పట్టుకునే ట్రాన్స్‌మిటర్) ఒక్కటే ఉండదు. అందుకే ముందుగా తేల్చుకోవాల్సింది: మీది ఏ బ్యాండు?

పాత ఎఫ్‌ఎం సెట్లయితే (అమెరికాలో 72 మెగాహెర్ట్జ్, ఐరోపాలో చాలాచోట్ల 35) ఒక ఛానెల్ మీద ఒకసారికి ఒకరే ఎగరేయాలి. మీ విమానం గాల్లో ఉండగా అదే ఛానెల్ మీద ఇంకొకరు సెట్ ఆన్ చేస్తే సర్వోలు (రెక్కల, తోక పలకల్ని కదిపే చిన్న మోటార్లు) పిచ్చిగా కొట్టుకుంటాయి. మోడల్ నేలకూలడానికి ఆ కొన్ని సెకన్లు చాలు. ఆన్ చేసినాయనకు తన వల్లే కూలిందన్న సంగతి కూడా తెలియదు. యాంటెన్నా ముడిచి ఉంది కదా అని ఊరుకోవద్దు, అలా ఉన్నా సెట్ సిగ్నల్ పంపుతూనే ఉంటుంది.

దీనికి విరుగుడు పిన్ను బోర్డు. అయితే బోర్డు పద్ధతులు రెండున్నాయి, ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. ఒకచోట బోర్డు మీదున్న ఛానెల్ పిన్ను తీసుకుని సెట్‌కి తగిలించుకుంటారు. పిన్ను మీ దగ్గరుంటే ఛానెల్ మీది. ఇంకోచోట మీ పేరు చీటీ తెచ్చి బోర్డు మీద పెట్టాలి. గడి ఖాళీగా ఉంటేనే ఛానెల్ ఖాళీ. మొదటి పద్ధతికి అలవాటైనవారు రెండో మైదానానికి వెళ్లి బోర్డుని తలకిందులుగా చదువుకుంటారు. కొత్తచోట నోరు తెరిచి అడగండి, ఊహించొద్దు. పిన్ను చేతికి రాకముందు, లేదా చీటీ బోర్డు మీద పెట్టకముందు సెట్ ఆన్ చేయకూడదు, సర్వో ఒక్కసారి కదిపి చూడ్డానికైనా సరే.

ఎఫ్‌ఎం సెట్లో క్రిస్టల్ (ఛానెల్‌ని నిర్ణయించే చిన్న ముక్క) మార్చితే సెట్‌కి అంటించిన ఛానెల్ నంబరు కూడా వెంటనే మార్చాలి. సింగిల్ కన్వర్షన్ (అందిన ఫ్రీక్వెన్సీని ఒక్కసారే దించే) రిసీవర్‌లో డ్యుయల్ కన్వర్షన్ (రెండుసార్లు దించే) రకం క్రిస్టల్ పెడితే రిసీవర్ మూగపోతుంది.

2.4 గిగాహెర్ట్జ్ సెట్లకు ఈ పిన్ను గొడవ లేదు. బైండ్ చేసిన (ఒక ట్రాన్స్‌మిటర్‌తో జతకట్టిన) రిసీవర్ తన ట్రాన్స్‌మిటర్ మాటే వింటుంది. దాని తంటాలు వేరు. అక్కడ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, కాబట్టి రిసీవర్ యాంటెన్నాలో పనిచేసే కొస 31 మిల్లీమీటర్లే. ఆ కొసని కార్బన్ ఫైబర్ గొట్టంలోకో బ్యాటరీ వెనక్కో తోస్తే సిగ్నల్ అందదు. యాంటెన్నాలు రెండుంటే ఒకదానికొకటి 90 డిగ్రీల్లో పెట్టండి. చేతిలోని సెట్ యాంటెన్నా మొనని విమానం వైపు గురిపెట్టొద్దు. మొన వైపు సిగ్నల్ అన్నిటికన్నా బలహీనం.

ఆన్ చేసే వరస: ముందు ట్రాన్స్‌మిటర్, తర్వాత రిసీవర్. ఆపేటప్పుడు ముందు రిసీవర్.

ఇప్పుడు రేంజ్ చెక్, అంటే సిగ్నల్ ఎంత దూరం అందుతుందో చూడటం. ఎఫ్‌ఎంలో యాంటెన్నా ముడవండి, 2.4లో రేంజ్ చెక్ మోడ్ పెట్టండి. మోడల్‌ని ఒకరు గట్టిగా పట్టుకుంటే సుమారు 30 అంగల దూరం వెనక్కి నడుస్తూ స్టిక్కులు కదపండి. కచ్చితమైన దూరానికి మీ సెట్ మాన్యువలే ప్రమాణం. మొదట మోటార్ ఆపి, తర్వాత తిప్పుతూ చేయండి. మోటార్ తిరిగినప్పుడే సర్వోలు వణికితే లోపం మీ మోడల్‌లోనే ఉంది, పక్కవాళ్ల సెట్లని అనుమానించకండి. చెక్ అయ్యాక ఆ మోడ్ తీసేశారో లేదో చూసుకోండి. తగ్గించిన పవర్‌తో లేచిన విమానం ఎంతో దూరం మీ మాట వినదు.

ఫెయిల్‌సేఫ్‌ని (సిగ్నల్ పోయినప్పుడు రిసీవర్ తనంతట తాను చేసే పని) మాత్రం ప్రొపెల్లర్ ఊడదీసే పరీక్షించాలి. మోటార్ నెమ్మదిగా తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ ఆపండి: మోటార్ ఆగాలి. వరసకు విరుద్ధంగా ట్రాన్స్‌మిటర్ ముందు ఆపేది ఈ ఒక్క పరీక్షలోనే. కొన్ని రిసీవర్లు బైండ్ చేసే క్షణంలో థ్రాటిల్ స్టిక్ (మోటార్ వేగం మార్చేది) ఎక్కడుంటే దాన్నే ఫెయిల్‌సేఫ్‌గా గుర్తుపెట్టుకుంటాయి. స్టిక్ పైకి ఉండగా బైండ్ చేశారా, సిగ్నల్ పోగానే మోటార్ ఫుల్ స్పీడు అందుకుంటుంది. అలా జరిగితే స్టిక్ పూర్తిగా కిందికి దించి మళ్లీ బైండ్ చేసి, పరీక్ష మొదటినుంచీ చేయండి.

అభ్యాసం: మోటార్ ఆగినప్పుడు, తిరిగినప్పుడు ఎన్ని అంగల దాకా సర్వోలు నిలకడగా ఉన్నాయో విడివిడిగా రాసుకోండి. 5వ పాఠంలో మోటార్ వల్ల సిగ్నల్‌కి వచ్చే రొదని తగ్గించే పని ఆ రెండు అంకెలతోనే మొదలుపెడతాం.