లాబ్‌స్టర్ తోకలు, 3వ పాఠం: కత్తెర పట్టడం, కాల్చడం

తోకలు కొనడం మొదటి పాఠంలో అయింది, ఫ్రిజ్‌లో రాత్రంతా ఐసు కరగనివ్వడం రెండో పాఠంలో అయింది. ఇవాళ ఓవెన్ దాకా వెళ్దాం. ముందు తోకను మధ్యలో నొక్కి చూడండి. ఇంకా గట్టిగా తగిలితే కవర్లోనే ఉంచి అరగంట చన్నీళ్లలో వేయండి. తొందరపడి వేడినీళ్లు పోస్తే పైన ఉడికిపోతుంది, లోపల ఐసు అలాగే ఉంటుంది.

ఇక్కడ అమెరికాలో మా షాపుల్లో దొరికేవి ఎక్కువగా 4, 5 ఔన్సుల తోకలు, అంటే ఒక్కోటి 115 నుంచి 140 గ్రాములు. లెక్కలన్నీ వాటికే చెబుతున్నాను.

తోకను వీపు పైకి వచ్చేలా పెట్టుకోండి. పెంకు అంచులు గుచ్చుకుంటాయి, ఎడమచేతిలో గుడ్డ ఉండాలి. కత్తెర మొనను పెంకుకీ కండకీ మధ్య దూర్చి, నడిమధ్యగా కోసుకుంటూ వెళ్లి, చివరి రెక్కల ముందు ఆపేయండి. రెండు బొటనవేళ్లతో పెంకును విప్పితే టక్‌మని చిన్న చప్పుడొస్తుంది, భయపడకండి. ఇప్పుడు కండ కిందకి వేలు పోనిచ్చి, పక్కల అతుక్కున్నది మెల్లగా విడిపించండి. రెక్కల దగ్గర మాత్రం ఊడిరాకూడదు. కండను పైకి లేపి, పెంకును కిందే దగ్గరికి నొక్కి, దాని మీద పడుకోబెట్టండి. రొయ్యలకు తీసినట్టే నల్ల నరం లాగేయండి. నేను మొదటిసారి కత్తెర లోతుగా దించి కండను కూడా రెండు ముక్కలు చేశాను. రుచికేం కాలేదు, చూడ్డానికే దిక్కుమాలినట్టుంది.

అల్లంవెల్లుల్లి, మసాలా పట్టించి గంట ఊరబెడదామని చేయి లాగుతుంది. వద్దు. దీని తీపి చాలా సున్నితం, మసాలాలో మునిగిపోతుంది. కండ మీది తడిని గుడ్డతో అద్ది తీసేసి, కరిగించిన వెన్నలో వెల్లుల్లి తురుము, చిటికెడు కారం, కొంచెం ఉప్పు కలిపి పూయండి, చాలు. నిమ్మకాయ వడ్డించేటప్పుడే.

ఓవెన్‌ను బ్రాయిల్‌లో, అంటే పై మంట ఒక్కటే వచ్చేలా పెట్టి, ట్రేకీ పై మంటకీ మధ్య 6 అంగుళాలు వదలండి. ఓటీజీ ఉన్నవాళ్లు పై కాయిల్ ఒక్కటే వేసుకోండి. ఔన్సుకు ఒక నిమిషం అనుకుని, దానికి ఒక నిమిషం ముందు నుంచే అక్కడే నిలబడండి. ఫోన్ పక్కన పెట్టేయండి.

పెంకు ఎర్రబడింది కదా, అయిపోయిందనుకోకండి. ఆ ఎరుపు ఆస్టాజాంథిన్ అనే రంగుది. పచ్చి పెంకులో అది ఒక ప్రొటీన్‌కు అంటుకుని దాగుంటుంది, వేడికి విడివడి బయటపడుతుంది. కండ సంగతి దానికేం తెలుసు? మీరు కండనే చూడండి. అద్దంలా మెరిసే పచ్చిదనం పోయి, పాలతెలుపు మధ్యదాకా రావాలి. థర్మామీటర్ ఉంటే మందమైన చోట గుచ్చి, 140 ఫారన్‌హీట్ (60 సెల్సియస్) దగ్గర తీసేయండి. బయట పెట్టాక కూడా వేడి ఇంకాస్త ఎక్కి, ఇక్కడి ప్రభుత్వం చేపలకూ రొయ్యలకూ చెప్పే 145కు చేరుతుంది.

రొయ్యల కూర అలవాటుతో "ఇంకాస్త మగ్గనీ" అని నేను ఒకసారి నాలుగు నిమిషాలు ఎక్కువుంచాను. మావాడు ఒక ముక్క నమిలి, నమిలి, "నాన్నా, ఇది చెప్పులదా?" అన్నాడు.

పెంకులు పారేయకండి, కడిగి ఫ్రీజర్‌లో దాచండి. 4వ పాఠంలో వాటితోనే చారు కాద్దాం.