అమ్మానాన్నలకు మెడికేర్: గ్రీన్ కార్డు వచ్చిన రోజు నుంచే లెక్క పెట్టుకోండి

మా అమ్మకు గ్రీన్ కార్డు వచ్చిన రోజు ఇంట్లో పాయసం వండుకున్నాం. కార్డు మీద ‘రెసిడెంట్ సిన్స్’ అని చిన్న అక్షరాల్లో ఒక తేదీ ఉంటుంది. దాన్ని ఎవరమూ పట్టించుకోలేదు. అమ్మ మెడికేర్ లెక్కంతా ఆ తేదీతో ముడిపడి ఉందని తెలిసేసరికి నాలుగేళ్లు దాటిపోయాయి. తల్లిదండ్రులను అమెరికా తెచ్చుకున్న మరెవరూ ఆ టెన్షన్ పడకూడదని ఇది రాస్తున్నాను.

మొదట అర్హత చూసుకోండి. మెడికేర్ ముఖ్యంగా 65 నిండినవాళ్లకు అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. 1965లో చట్టమైంది. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు రాదు. గ్రీన్ కార్డు ఉండి, ఇక్కడ తగినన్నేళ్లు పని చేయనివాళ్లకు వయసొక్కటే చాలదు, వరసగా ఐదేళ్లు ఇక్కడ నివాసం ఉండాలి. మధ్యలో ఇండియా వెళ్లి ఆర్నెల్లకు మించి ఉండిపోతే ఆ వరస తెగిందా అన్న ప్రశ్న వస్తుంది. అందుకే వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ ప్రతిసారీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. పాత పాస్‌పోర్టులు పారేయకండి.

తర్వాత, నెలకు ఎంత కట్టాలో తేల్చుకోండి. చాలామంది పొరపడేది ఇక్కడే. ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చు మెడికేర్‌లో పార్ట్ ఎ అనే భాగం కిందికి వస్తుంది. అమెరికాలో పన్ను కట్టి 40 క్వార్టర్లు, అంటే సుమారు పదేళ్లు, పనిచేసినవాళ్లకు అది ఉచితం. భార్యాభర్తల్లో ఒకరికి ఆ 40 ఉంటే, సాధారణంగా రెండోవారికీ ఉచితంగానే వస్తుంది. కానీ కొడుకో కూతురో కట్టిన పన్ను తల్లిదండ్రుల లెక్కలోకి రాదు. నాన్న ఇండియాలో ముప్పై ఏళ్లు సర్వీసు చేసినా అదీ రాదు, ఎందుకంటే రెండు దేశాల సర్వీసునూ కలిపి లెక్కేసే సోషల్ సెక్యూరిటీ ఒప్పందం లేదు. ఇక్కడ అసలు పని చేయనివాళ్లు 2026లో పార్ట్ ఎకి నెలకు 565 డాలర్లు కట్టాలి. డాక్టర్లు, పరీక్షలు వగైరాలకు పార్ట్ బి మామూలు ప్రీమియం 202.90. ఇద్దరికీ రెండూ తీసుకుంటే నెలకు 1,500 డాలర్లు దాటుతుంది.

పార్ట్ బి ఒక్కటే తీసుకోవచ్చు, పార్ట్ ఎ ఒక్కటే కొనుక్కోవడం మాత్రం కుదరదు. పార్ట్ ఎ ఉచితంగా రానివాళ్లు మార్కెట్‌ప్లేస్ (ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా అమ్మే ప్రైవేటు బీమా) ప్లాన్ ధర కూడా పక్కన పెట్టి చూడండి. దానికి ఐదేళ్లు ఆగక్కర్లేదు. అయితే పన్ను కాగితాల్లో అమ్మానాన్నలను మీ డిపెండెంట్లుగా చూపిస్తే సబ్సిడీకి మీ ఆదాయం కూడా లెక్కేస్తారు. ఆ ప్లాన్‌లో ఉండిపోయి మెడికేర్‌లో ఆలస్యంగా చేరితే జరిమానా పడవచ్చు.

దరఖాస్తుకు గడువు ఏడు నెలలు. 65 నిండిన తర్వాత ఐదేళ్లు పూర్తయ్యేవాళ్లకు ఆ నెల, దానికి ముందు మూడు, తర్వాత మూడు. 2026 సెప్టెంబరులో ఐదేళ్లు నిండితే జూన్ నుంచి డిసెంబరు వరకు అన్నమాట. గ్రీన్ కార్డు, పాస్‌పోర్టులు తీసుకుని సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్లడమే మంచిది. గడువు తప్పితే జనవరి నుంచి మార్చి వరకు ఉండే గడువు కోసం ఆగాలి. పైగా పార్ట్ బికి ఆలస్యమైన ప్రతి పన్నెండు నెలలకూ పది శాతం జరిమానా, అదీ పార్ట్ బి ఉన్నన్నాళ్లూ. రెండేళ్లు ఆలస్యమైతే 2026 లెక్కన నెలకు సుమారు 40 డాలర్లు అదనం. మీ ఆఫీసు ఇన్సూరెన్సులో వాళ్ల పేరు ఉంది కదా అని ఆగకండి. 65 దాటినవాళ్లకు తమదో, భార్యదో, భర్తదో ప్రస్తుత ఉద్యోగం ద్వారా వచ్చిన బీమా ఉంటేనే జరిమానా నుంచి మినహాయింపు.

కార్డు చేతికొచ్చాక కూడా జేబు నుంచి ఖర్చు ఉంటుంది. పార్ట్ బిలో ఏడాదికి మొదటి 283 డాలర్లు మనవే, ఆ తర్వాత సాధారణంగా 20 శాతం. దానికి పైపరిమితి లేదు. ఆ 20 శాతం కోసం ప్రైవేటు కంపెనీలు అమ్మే మెడిగ్యాప్ పాలసీ ఉంటుంది. 65 దాటి పార్ట్ బి మొదలైన తొలి ఆరు నెలల్లో తీసుకుంటే సుగర్, బీపీ ఉన్నాయని కాదనరు. ఆ ఆరు నెలలు దాటితే చాలా రాష్ట్రాల్లో కాదనవచ్చు. ఇండియాలో చేయించుకున్న వైద్యానికి మెడికేర్ డబ్బివ్వదు. కొన్ని మెడిగ్యాప్ ప్లాన్లు మాత్రం విదేశంలో తొలి 60 రోజుల్లో వచ్చిన ఎమర్జెన్సీకి, 250 డాలర్లు మనం కట్టాక, 80 శాతం ఇస్తాయి. జీవితకాలం మొత్తానికి 50,000 డాలర్లు దాటదు. సంక్రాంతికి ఊరెళ్లే పెద్దలకు అది చిన్న సంగతి కాదు.

ఆసుపత్రి దగ్గర ఒక జాగ్రత్త. అమ్మ బాత్రూంలో జారిపడి రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉంది. మంచం, చేతికి పట్టీ, సెలైన్ అన్నీ ఉన్నాయి. కాగితాల్లో మాత్రం ‘అబ్జర్వేషన్’ అని రాశారు. అంటే లెక్కకు ఆమె ఆసుపత్రిలో చేరనట్టే, బిల్లు పార్ట్ బి కింద వచ్చింది. డిశ్చార్జి తర్వాత నర్సింగ్ సెంటర్లో కోలుకోవడానికి మెడికేర్ డబ్బివ్వాలంటే మామూలుగా మూడు రోజులు ఇన్‌పేషెంటుగా ఉండాలి. కాబట్టి ఇన్‌పేషెంటా, అబ్జర్వేషనా అని రోజూ అడగండి. నేను అడగలేదు, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మందులకు పార్ట్ డి వేరుగా తీసుకోవాలి. ప్లాన్ ఎంచుకునే ముందు ఇండియా నుంచి తెచ్చిన షీట్లన్నీ టేబుల్ మీద పరిచి, వెనకవైపు సన్నగా ఉన్న అసలు మందు పేర్లు రాసుకోండి. గ్లైకోమెట్ అంటే ఇక్కడి ఫార్మసీలో తెలియకపోవచ్చు, మెట్‌ఫార్మిన్ అనాలి. ప్లాన్ జాబితాలో ఉన్న మందులకు 2026లో మన జేబు ఖర్చు 2,100 డాలర్లు దాటదు. మామూలు పంటి వైద్యం, కళ్లద్దాలు, చెవి మిషన్ మాత్రం ఒరిజినల్ మెడికేర్‌లో, అంటే పార్ట్ ఎ, బిలలో, రావు.

ప్లాన్లు పోల్చుకోవడానికి ప్రతి రాష్ట్రంలోనూ ‘షిప్’ అనే ఉచిత సలహా కేంద్రం ఉంది, వాళ్లు ఏ ప్లానూ అమ్మరు. మెడికేర్ నంబరు 1-800-633-4227కి ఫోన్ చేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, దానికి డబ్బు తీసుకోరు. ఫోన్ చేసేటప్పుడు అమ్మను పక్కనే కూర్చోబెట్టుకోండి. తన తరఫున మీరు మాట్లాడవచ్చని ఆమె నోటితో చెబితేనే అవతలివాళ్లు మీకు వివరాలు చెబుతారు.