మంచం పట్టిన మనిషిని చూసుకునే కుటుంబాలు: సర్కారు సాయం పొందే దారి

పక్షవాతం వచ్చిన తండ్రిని, కండరాల క్షీణతతో మంచానికే పరిమితమైన బిడ్డను ఇంట్లోనే ఉంచి చూసుకునేవారు ముందుగా ఒక విషయం తెలుసుకోవాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్, ఎక్కువ ఆసరా అవసరమైన వారికి సంరక్షకుల భత్యం ఇచ్చే పథకాలు పెట్టాలని చెబుతోంది. కేరళలో ఆశ్వాసకిరణం పథకం కింద సంరక్షకులకు నెలకు 600 రూపాయలు ఇస్తున్నారు. తెలుగు రాష్ట్రాల్లో మాత్రం ఇంటికి వచ్చే పింఛన్ సొమ్ము మంచంలో ఉన్న మనిషి పేరు మీదే వస్తుంది. రాత్రింబవళ్లు సేవ చేసే భార్య పేరు, కోడలి పేరు ఆ కాగితాల్లో ఎక్కడా కనిపించకపోవడం అన్యాయమే. అయినా ఉన్న సాయాన్ని వదులుకోకూడదు కాబట్టి, ఆ మనిషి కాగితాలను సక్రమంగా ఉంచడాన్ని కూడా సేవలో భాగంగానే చూడాలి.

అన్నిటికీ మూలం వైకల్య శాతాన్ని తేల్చి ఇచ్చే ధ్రువపత్రం. ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని సదరం ధ్రువపత్రం అంటారు. మీసేవలో గాని, ఆంధ్రప్రదేశ్‌లోనైతే గ్రామ, వార్డు సచివాలయంలో గాని స్లాట్ తీసుకుని, చెప్పిన తేదీకి ప్రభుత్వాసుపత్రిలో జరిగే శిబిరానికి రోగిని తీసుకువెళ్లాలి. ఆధార్ కార్డుతో పాటు ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు, స్కానింగ్ రిపోర్టులు, ప్రస్తుతం వాడుతున్న మందుల చీటీలు తేదీల వరుసలో పెట్టుకుని వెళ్లండి. శిబిరంలో రద్దీ ఎక్కువగా ఉంటుంది, డాక్టరు ఒక్కొక్కరికీ ఇవ్వగలిగేది కొద్ది సమయమే. ఆ కొద్దిసేపట్లో చాలామంది మొహమాటానికి పోయి "పర్వాలేదండీ, కాస్త నడిపిస్తే నడుస్తారు" అంటారు. అలా అనకండి. తనంతట తాను పక్కకు ఒత్తిగిల్లగలరా, ముద్ద నోటిదాకా తీసుకెళ్లగలరా, మలమూత్రాలకు ఎవరి సాయం కావాలి, మూత్రం గొట్టం ఉందా, వీపు మీద పుండ్లు పడుతున్నాయా అన్నవి ముందురోజే ఒక కాగితం మీద రాసుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎక్కువ చేసి చెప్పనక్కర్లేదు, తగ్గించి చెబితే మాత్రం నష్టపోయేది ఆ మనిషే. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటేనే పింఛన్‌కు దారి దొరుకుతుంది. ధ్రువపత్రం తాత్కాలికమా, శాశ్వతమా అన్నది చేతికి రాగానే చూసుకోండి. తాత్కాలికమైతే గడువు తేదీని గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టుకుని, అది ముగియకముందే మళ్లీ స్లాట్ తీసుకోవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2024లో పెంచిన ఎన్టీఆర్ భరోసా పింఛన్ మొత్తాల ప్రకారం దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు వస్తాయి. పక్షవాతంతోనో, తీవ్రమైన కండరాల క్షీణతతోనో, ప్రమాదం వల్లనో మంచానికి లేదా చక్రాల కుర్చీకే పరిమితమైన వారికి 15,000 ఇస్తారు. ఈ రెండు మొత్తాల మధ్య తేడా ఒక ఇంటి మందుల ఖర్చంత ఉంటుంది కనుక, ధ్రువపత్రంలో పరిస్థితి స్పష్టంగా నమోదైందో లేదో అక్కడికక్కడే చదువుకోవాలి. దరఖాస్తు సచివాలయంలో ఇవ్వాలి. కుటుంబ నెలసరి ఆదాయం పల్లెల్లో 10,000, పట్టణాల్లో 12,000 లోపు ఉండాలి. వీటితో పాటు భూమి, నాలుగు చక్రాల సొంత వాహనం, నెలకు సగటున 300 యూనిట్లు దాటిన కరెంటు వాడకం, ప్రభుత్వోద్యోగం, ఆదాయపు పన్ను చెల్లింపు కూడా పరిశీలిస్తారు. వేరు కాపురం ఉంటున్న కొడుకు పేరు ఇంకా అదే కుటుంబ నమోదులో ఉండి, అతని జీతమో, కారో అడ్డు తగలడం తరచు జరుగుతుంది. దరఖాస్తుకు ముందే ఆ నమోదును చూపించి సరిచేయించుకోండి. 2025లో దివ్యాంగుల పింఛన్లను వైద్యులతో మళ్లీ తనిఖీ చేయించారు. అలాంటి తనిఖీలో శాతం తగ్గించి నోటీసు ఇస్తే ఊరుకోకుండా, అందులో చెప్పిన గడువులోగా రాతపూర్వకంగా అప్పీలు చేయాలి. తీసుకున్నట్టు రసీదు అడిగి దాచుకోవాలి.

తెలంగాణలో దివ్యాంగుల ఆసరా పింఛన్‌ను 2023లో 4,016 రూపాయలకు పెంచారు. అక్కడా వైకల్య ధ్రువపత్రం లేనిదే దరఖాస్తు ముందుకు కదలదు.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలను పెంచుతున్న తల్లిదండ్రులు కేంద్రం ఆధ్వర్యంలోని నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ ఆరోగ్య బీమాలో తప్పక చేరాలని నా గట్టి సలహా. ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులకు ఇది వర్తిస్తుంది. చేరడానికి ముందస్తు పరీక్షలు ఉండవు, వయసు అడ్డు కాదు. మామూలు బీమా కంపెనీలు ఖాతరు చేయని ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ ఖర్చులు కూడా పరిమితుల మేరకు తిరిగి వస్తాయి. ట్రస్టులో నమోదైన స్వచ్ఛంద సంస్థ ద్వారా దరఖాస్తు పెట్టి, ప్రతి థెరపీ బిల్లునూ సంతకం, తేదీలతో సహా భద్రపరచాలి.

పింఛన్‌కు అర్హత లేని ఉద్యోగి కుటుంబాలకు వేరే దారి ఉంది. పాత పన్ను విధానాన్ని ఎంచుకున్నవారు, తమపై ఆధారపడిన భార్య లేక భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువుల పోషణ కోసం 75,000 రూపాయలు, వైకల్యం 80 శాతం లేదా అంతకు మించి ఉంటే 1,25,000 రూపాయలు ఆదాయం నుంచి మినహాయించుకోవచ్చు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో దీన్ని 80డీడీ సెక్షన్‌గా చెబుతారు. కొంతైనా ఖర్చు పెట్టి ఉంటే చాలు, ఎంత ఖర్చయిందన్న దానితో పని లేకుండా పూర్తి మొత్తం వర్తిస్తుంది. అయితే ఆ దివ్యాంగుడే, వైకల్యం ఉన్నవారు తమ సొంత ఆదాయం నుంచి తీసుకునే 80యూ సెక్షన్ మినహాయింపును కోరితే మీకు ఇది రాదు. కేంద్ర ప్రభుత్వోద్యోగులైన తల్లులకు, ఒంటరి తండ్రులకు సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంటుంది. కనీసం 40 శాతం వైకల్యం ఉన్న బిడ్డ విషయంలో వయోపరిమితి లేదు. మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తర్వాతి 365 రోజులకు 80 శాతం వస్తుంది. సంపాదించుకోలేని బిడ్డ ఉన్న కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు తాము ఉండగానే ఆ బిడ్డ పేరును వైకల్య ధ్రువపత్రంతో సహా పెన్షన్ కాగితాల్లో చేర్పించాలి. తల్లిదండ్రుల తర్వాత జీవితాంతం కుటుంబ పెన్షన్ అందేందుకు అది ఆధారమవుతుంది. పెన్షనర్ పోయాక చేర్పించబోతే మిగిలిన అన్నదమ్ములు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.