20వ తేదీ రాత్రి రాజీనామా రాయకండి

అకౌంట్స్ పని వదిలేద్దామన్న ఆలోచన చాలామందికి నెలలో 14 నుంచి 20వ తేదీ మధ్యే వస్తుంది. అది మన చేతగానితనం కాదు, ఆ తేదీల అమరికే అలా ఉంది. టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే పట్టుకున్న పన్ను) కట్టడానికి 7, జీఎస్టీఆర్-1కి (అమ్మకాల రిటర్ను) 11, పీఎఫ్, ఈఎస్ఐలకు 15, జీఎస్టీఆర్-3బీకి (పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్ను) 20. కొనుగోళ్ల క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నులో తగ్గించుకోదగ్గది) సరిచూసుకునే 2బీ స్టేట్‌మెంటు 14వ తేదీకి గానీ రాదు. 40 ఫైళ్లు, అంటే 40 మంది క్లయింట్ల లెక్కలు చూసే అకౌంటెంటుకు మిగిలేది ఆరు రోజులు, అంటే రోజుకు దాదాపు ఏడు ఫైళ్లు. మధ్యలో ఒక ఆదివారం పడుతుంది. తాడిపత్రిలో బండల పాలిష్ యూనిట్ నడిపే ఆయన "బిల్లులు రేపు పంపిస్తాలేన్నా" అని 17వ తేదీన కూడా అంటూనే ఉంటాడు.

అందుకే ఉద్యోగం మారాలా, ఊరు మారాలా, చదువు మొదలుపెట్టాలా అన్నది తేల్చుకునే ముందు, మిమ్మల్ని నలిపేస్తున్నది పనా, పని వచ్చే తీరా అన్నది విడదీసి చూడండి. అనంతపురం, కర్నూలు, కడపల్లో చిన్న ఆఫీసుల్లో చేసేవాళ్లకు ఈ రెండూ కలిసిపోయి ఒకే భారంలా కనిపిస్తాయి.

ముందు రెండు నెలల లెక్క రాయండి

చిన్న నోటుబుక్కు చాలు. ఫైలు పేరు, మొదలుపెట్టిన టైము, ముగించిన టైము, మధ్యలో ఎందుకు ఆగింది: ఈ నాలుగే రాయాలి. ఆగిన కారణం రెండు ముక్కల్లో రాస్తే సరిపోతుంది: బిల్లు రాలేదు, ఓటీపీ చెప్పలేదు, పోర్టల్ తెరుచుకోలేదు, తేడా వెతికాను, సారు వేరే పని చెప్పారు. ఒక నెల మాత్రమే రాస్తే లెక్క తప్పుతుంది. ఏప్రిల్, జూలై, అక్టోబరు, జనవరిల్లో క్వార్టర్ (మూడు నెలలకోసారి వేసే) రిటర్నులు కూడా తోడవుతాయి కాబట్టి అలాంటి నెల ఒకటి, మామూలు నెల ఒకటి తీసుకోండి.

తర్వాత కూడిక వేయండి. పోయిన గంటల్లో సగానికి పైగా ఎదురుచూపులకే పోయి ఉంటే మీ వృత్తిలో తప్పు లేదు, ఆఫీసు పద్ధతి మార్చాలి. ఎదురుచూపులు తక్కువగా ఉండి, 25వ తేదీన తీరిగ్గా కూర్చున్నా లెడ్జర్ తెరవబుద్ధి కావడం లేదంటే అది వేరే విషయం, అప్పుడు మిమ్మల్ని నలిపేస్తున్నది పనే. తేడా వెతకడానికే ఎక్కువ టైము పోతుంటే అది నేర్చుకుంటే తీరే లోటు. నెలాఖరున కాకుండా ప్రతి శనివారం బ్యాంకు రీకన్సిలియేషన్ (మన పుస్తకాలను బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూడటం) చేస్తే అందులో చాలాభాగం పోతుంది. నాలుగు వారాల ఎంట్రీల్లో తప్పు వెతకడం కంటే ఒక వారంలో వెతకడం ఎంతో తేలిక.

తేదీల బరువు దించుకోవడం

అమ్మకాల బిల్లులు 5వ తేదీకి, కొనుగోలు బిల్లులు 8వ తేదీకి అందాలని ప్రతి క్లయింటుకూ వాట్సాప్‌లో రాతపూర్వకంగా పెట్టండి. ఫోన్‌లో చెప్పిన మాట నిలవదు. ఆలస్యం చేసినవాళ్ల ఫైలు వరుసలో చివరికి పోతుందని, లేట్ ఫీజు వాళ్లదేనని ముందే చెప్పండి. 3బీ ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు, నిల్ రిటర్నుకైతే 20. టీడీఎస్ రిటర్నుకు రోజుకు 200. మొదటి నెల ఎవరూ లెక్కచేయరు. ఒకరిద్దరు నిజంగా ఫీజు కట్టుకున్నాక మిగతావాళ్లు దారికొస్తారు. ఇది అమలు కావాలంటే ఆఫీసు యజమాని మీ వెనక నిలబడాలి. ఆయన క్లయింటు ముందే మెత్తబడితే మీరెన్ని మెసేజ్‌లు పెట్టినా ఉపయోగం లేదు.

బిల్లులు వచ్చేదాకా ఊరికే కూర్చోకండి. 3వ తేదీన ఈ-వే బిల్లుల (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రాల) జాబితా దించుకోండి. బండలు, నూనె డబ్బాలు, చీరల మూటలు 50 వేల రూపాయలు దాటి కదిలితే చాలావరకు ఈ-వే బిల్లు ఉంటుంది. క్లయింటు ఇచ్చిన అమ్మకాలను దానితో పోల్చితే ఆయన మరిచిపోయిన బిల్లు జీఎస్టీఆర్-1 వేయకముందే బయటపడుతుంది. 11 తర్వాత బయటపడితే పని రెట్టింపు. 3బీలో అమ్మకాల పన్ను జీఎస్టీఆర్-1 నుంచే వచ్చి కూర్చుంటుంది కాబట్టి, 3బీ వేసేలోపు జీఎస్టీఆర్-1ఏ అనే సవరణ ఫారం ద్వారా సరిచేయాలి.

టర్నోవరు 5 కోట్ల లోపున్న క్లయింట్లకు క్యూఆర్ఎంపీ పద్ధతి ఉంది. రిటర్నులు మూడు నెలలకోసారి, పన్ను మాత్రం మొదటి రెండు నెలలకూ మరుసటి నెల 25లోగా పీఎంటీ-06 చలానాతో. క్వార్టర్ 3బీ గడువు మన రాష్ట్రానికి 22. జూలై-సెప్టెంబరు క్వార్టరుకు మారాలంటే మే 1 నుంచి జూలై 31 లోపు పోర్టల్‌లో ఎంచుకోవాలి. ఆ క్లయింటు దగ్గర కొనేవాళ్లకు ప్రతి నెలా క్రెడిట్ కావాలంటే 13వ తేదీలోగా ఐఎఫ్ఎఫ్‌లో (నెలనెలా బిల్లులు చూపించే పోర్టల్ సదుపాయం) ఆ బిల్లులు ఎక్కించాలి. ఇది మరిస్తే కొనుగోలుదారులు క్లయింటు మీద, క్లయింటు మీ మీద పడతారు. ఇంకో జాగ్రత్త: ఉన్న ఫైళ్లన్నీ ఇందులోకి మార్చకండి. జూలైలో టీడీఎస్ రిటర్ను, ఐటీ రిటర్నులు, అక్టోబరులో ఆడిట్ కేసుల రిటర్నులు ఎలాగూ ఉంటాయి. క్వార్టర్ ఫైళ్లు కూడా అదే నెలలో మీద పడితే బరువు జాగా మారిందే తప్ప తగ్గలేదు. బిల్లులు తక్కువగా ఉన్నవాళ్లను మార్చి, వందల బిల్లులున్న పాలిష్ యూనిట్లను, జిన్నింగు మిల్లులను నెలవారీగానే ఉంచడం మేలు.

ఓటీపీ చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ 20వ తేదీ రాత్రి మనిషిని ఏడిపించేది అదే. సొంత వ్యాపారుల ఓటీపీ యజమాని ఫోనుకే పోతుంది. ఆయన ఆ వేళకు పెళ్లిలో ఉంటాడు, లేదా సిగ్నల్ లేని తోటలో ఉంటాడు. 18న మధ్యాహ్నం పదిమందికి పదిహేను నిమిషాల చొప్పున టైము ఇచ్చి, ఆ వేళకు ఫోను చేతిలో ఉంచుకోమనండి. చలానా 17కే పంపండి. నెఫ్ట్‌లో కట్టిన డబ్బు పోర్టల్‌లోని క్యాష్ లెడ్జర్‌లో కనిపించడానికి టైము పడుతుంది.

తేదీలు మార్చినా తీరని ఒత్తిడి

సరుకు కదలకుండా బిల్లు మాత్రం పెట్టమని, లేని కొనుగోలుకు క్రెడిట్ తీయమని అడిగే చోట ఒత్తిడిని ఏ నోటుబుక్కూ తగ్గించదు. అలాంటి బిల్లులకు జీఎస్టీ చట్టం 122వ సెక్షన్‌లో జరిమానా, 132వ సెక్షన్‌లో జైలుశిక్ష కూడా ఉన్నాయి. "చేయను" అని నోటితో అనడంతో సరిపెట్టుకోకుండా, "ఈ బిల్లుకు ఈ-వే బిల్లు, లారీ రసీదు, బ్యాంకు చెల్లింపు పంపండి, వచ్చాకే ఎంట్రీ వేస్తాను" అని మెసేజ్ పెట్టండి. ఇదే మూడోసారి జరిగితే ఆ ఆఫీసులో ఉండకూడదు. ఇక్కడ మాత్రం లెక్క తేలేదాకా ఆగమని మేము చెప్పం.

నిద్ర పట్టక వారాలు గడుస్తున్నా, ఆదివారం సాయంత్రమే గుండె దడ మొదలవుతున్నా, పనికి పోవడం దేవుడెరుగు బతకడమే దండగ అనిపిస్తున్నా గడువులు దాటేదాకా వాయిదా వేయకండి. డాక్టరుకు చూపించండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను) వాళ్లు ఏ వేళలోనైనా తెలుగులో, ఉచితంగా మాట్లాడతారు. 3బీ ఒక రోజు ఆలస్యమైతే పోయేది 50 రూపాయలూ కొంచెం వడ్డీ మాత్రమే.

మారాలనుకుంటే

కంపెనీ అకౌంట్స్‌లో 40 మంది క్లయింట్లు ఉండరు, ఒకటే సంస్థ. ఒత్తిడి 1 నుంచి 5వ తేదీల్లో, మార్చి ముగింపులో ఉంటుంది. పెనుకొండ చుట్టూ కార్ల విడిభాగాల యూనిట్లు, తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఇలాంటి పనికి దగ్గరి చోట్లు. ఒక మాట: సిమెంటు కాస్ట్ రికార్డుల (ఉత్పత్తి ఖర్చు లెక్కల) నిబంధనల కిందికి వచ్చే పరిశ్రమ. ఇక్కడివాళ్లు అందరూ సీఏ వైపే చూస్తారు గానీ సొంత జిల్లాలో ఉంటూ ఎదగాలనుకునేవాళ్లకు ఆ లెక్కలే చూసే కాస్ట్ అకౌంటెంట్ కోర్సు, సీఎంఏ, చాలా సరిపోతుంది. పరీక్షలు జూన్, డిసెంబరుల్లో.

సీఏ మొదలుపెట్టేముందు ఏళ్లు లెక్కేసుకోండి. బీకాంలో 55 శాతం ఉంటే ఫౌండేషన్ లేకుండా ఇంటర్‌కు నమోదు కావచ్చు. ఇంటర్ ఆరు పేపర్లు రెండు గ్రూపులు, పాసవ్వాలంటే పేపరుకు 40, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. రెండు గ్రూపులూ అయ్యాక సీఏ దగ్గర రెండేళ్ల ఆర్టికల్‌షిప్ (శిక్షణ), అది ముగిశాక ఆరు నెలలకు ఫైనల్. అన్నీ తొలిసారే పాసైనా మూడేళ్లకు పైనే పడుతుంది. ఆ కాలమంతా ఇంటికి జీతం పంపాల్సినవాళ్లు ముందు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి.

బెంగళూరు రైలు ఎక్కేవాళ్లకు అకౌంట్స్ పేయబుల్ (సరఫరాదారుల బిల్లులు చూసి చెల్లించే) పని దొరుకుతుంది. ట్యాలీ ఒక్కటే చాలదు. ఎక్సెల్‌లో పివట్, ఎక్స్‌లుకప్, పవర్ క్వెరీ వచ్చి ఉండాలి. ఇంటర్వ్యూలోనే షిఫ్ట్ టైమింగులు అడగండి. అమెరికా క్లయింటైతే రాత్రి పని ఉండొచ్చు. జీతంలోంచి పీజీ అద్దె, తిండి, ఊరికి రాకపోకలు తీసేసి మిగిలినదాన్ని ఇప్పటి జీతంతో పోల్చాలి. సర్కారీ ఉద్యోగం కావాలనుకునే డిగ్రీవాళ్లకు ఎస్ఎస్‌సీ (కేంద్ర స్టాఫ్ సెలక్షన్ కమిషన్) సీజీఎల్ పరీక్షలో ఆడిటర్, అకౌంటెంట్, టాక్స్ అసిస్టెంట్ పోస్టులు ఉంటాయి. గడువుల వారంలో కూడా రోజుకు రెండు గంటలు చదవగలరా లేదా అన్నది మీ నోటుబుక్కే చెబుతుంది.

సొంత ఆఫీసు పెట్టాలనుకుంటే పీసీటీ-01 ఫారంతో జీఎస్టీ ప్రాక్టీషనరుగా (ఇతరుల రిటర్నులు వేసే గుర్తింపుతో) నమోదు చేసుకోవచ్చు, బీకాం చాలు. మొదట పదిహేను ఫైళ్లకు మించకండి. ఫీజును ఫైలు లెక్కన కాకుండా గంటల లెక్కన కట్టండి: నెలకు నాలుగు గంటలు తినే ఫైలుకూ నలభై నిమిషాల ఫైలుకూ ఒకే ఫీజు తీసుకోవడంతోనే చాలామంది పాత ఆఫీసు అవస్థను సొంత ఆఫీసులోకి తెచ్చుకుంటారు.

మానేయాలని తేలితే 23 తర్వాత మాట్లాడండి, చివరి రోజు కూడా నెలలో ఆ వారానికే పడేలా చూసుకోండి. ఏ క్లయింటుకు ఏ నోటీసు పెండింగులో ఉంది, జవాబు గడువు ఎప్పుడు అన్నది పట్టిక రాసి ఇవ్వండి. మీ దగ్గరున్న డిజిటల్ సంతకం టోకెన్లు లెక్కపెట్టి అప్పగించి, అందినట్టు సంతకం తీసుకోండి. పోర్టల్ పాస్‌వర్డులు మార్చుకోమని, మీ ఫోను నంబరు, ఈమెయిలు ఎక్కడైనా ఇచ్చి ఉంటే తీసేయమని రాసి పంపండి. అనుభవ పత్రం తీసుకుని, పీఎఫ్ ఉంటే ఆఫీసువాళ్లు మీ చివరి తేదీ ఎక్కించారో లేదో యూఏఎన్ (మీ పీఎఫ్ గుర్తింపు నంబరు) ఖాతాలో చూసుకోండి.