గ్యోతాకు: ఉన్న కొలతలోనే చేప అచ్చు తీయడం ఎలా

19వ శతాబ్దపు జపాన్‌లో గాలం వేసేవాళ్లు తమకు పడ్డ చేప ఎంతదో చూపించడానికి దాని ఒంటికి సిరా పూసి కాగితం మీద అచ్చు తీసేవారు. అదే గ్యోతాకు. సముద్ర జీవులకూ మనిషికీ ఉన్న సంబంధం మీద పనిచేసే కళాకారులు ఇవాళ దీన్ని చేపట్టడానికి బలమైన కారణముంది. ఫొటోను ఎంత కావాలంటే అంత పెంచవచ్చు, కుదించవచ్చు. అచ్చు మాత్రం చేప ఎంతుంటే అంతే పడుతుంది, దాని ఒళ్లు కాగితానికి తగలందే పడదు. జపాన్ పరిశోధకులు 2020లో పాత గ్యోతాకులను పరిశీలిస్తే, ఇప్పుడు అంతరించే ప్రమాదంలో ఉన్న కొన్ని జాతులు వాటిలో కనిపించాయి. అచ్చు పక్కన తేదీ, చోటు రాసి ఉండబట్టే అవి సాక్ష్యాలయ్యాయి. అందుకే చేప పేరు, దొరికిన చోటు, తేదీ, పొడవు, పట్టిన పద్ధతి ముందే ఒక చీటీ మీద రాసుకోండి. అవి తెలియని చేపతో చక్కటి బొమ్మ వస్తుంది గానీ రికార్డు రాదు.

చేప, కాగితం, సిరా

మొదటిసారికి 20–30 సెంటీమీటర్ల పొడవుండి, పెద్ద పొలుసులు, పక్కల నుంచి నొక్కినట్టుండే ఒళ్లు ఉన్న చేప మంచిది. గుండ్రటి ఒళ్లయితే కాగితం ముడతలు పడుతుంది. పొలుసు తీయకూడదు, పొట్ట కోయకూడదు. కోసిన పొట్ట కుంగిపోతుంది, రసం కారుతుంది. అచ్చు కోసమే చేపను చంపడం ఈ పనికే విరుద్ధం. కూరకు తెచ్చింది, వలలో అక్కర్లేకుండా పడి చచ్చింది, ఒడ్డుకు కొట్టుకొచ్చింది చాలు. ఒడ్డున దొరికినదైతే అది రక్షిత జాతి కాదని తేల్చుకున్నాకే ముట్టుకోండి.

కాగితానికి మల్బరీ జాతి చెట్టు నారతో చేసిన పల్చటి జపాన్ కాగితం కావాలి. నార పొడుగ్గా ఉంటుంది కాబట్టి తడిసినా చిరగదు, వంపుల మీద ఒదుగుతుంది. ప్రింటర్ కాగితం ఒదగదు. సిరాకు సుమి (జపాన్‌లో కుంచె రాతకు వాడే నల్ల సిరా) సరిపోతుంది. చేపను తర్వాత వండుకోవాలంటే మాత్రం వంటకు అమ్మే స్క్విడ్ సిరానే వాడండి, సబ్బు తగలనివ్వకండి, మొత్తం పని రెండు గంటల లోపు ముగించండి. రంగు కాస్త గోధుమ ఛాయకు తిరుగుతుంది, అంతే.

అసలు పని జిగట వదిలించడమే

చెడిపోయిన అచ్చుల్లో ఎక్కువ భాగం ఇక్కడే చెడతాయి. చేప ఒంటి మీది జిగట సిరాను పట్టనివ్వదు. పట్టినా మచ్చలు మచ్చలుగా పడుతుంది, పొలుసుల గీతలు కనపడవు. గుప్పెడు ఉప్పుతో తల నుంచి తోక వైపు మెల్లగా రుద్ది, చన్నీళ్లతో కడగండి. వేలు జారడం ఆగేదాకా మళ్లీ మళ్లీ చేయండి. తోక నుంచి తలకు రుద్దితే పొలుసులు ఊడతాయి. రెక్కల మొదళ్లు, మొప్ప మూత అంచు ప్రత్యేకంగా చూడండి, జిగట అక్కడే దాక్కుంటుంది.

తర్వాత మలద్వారంలో దూది, నోట్లోనూ మొప్పల కిందా మడిచిన టిష్యూ పెట్టండి. లేకపోతే నొక్కినప్పుడు నీళ్లు కారి, సరిగ్గా పొట్ట దగ్గర తడి వలయం పడుతుంది. ఇప్పుడు థర్మోకోల్ పలకలో చేప మందంలో సగం లోతుకు గుంట తొలిచి దాన్ని పడుకోబెట్టండి. రెక్కలు పలకకు సమంగా రావాలి. అందని చోట కింద మట్టి ముద్ద పెట్టి, రెక్కలు విప్పి గుండుసూదులతో నిలపండి. ఫ్యాన్ కింద పావుగంట ఉంచితే రెక్కలు బిగుసుకుంటాయి. అప్పుడు సూదులు తీసేయండి. ఉంచితే కాగితం చిరుగుతుంది.

ఏ పక్క పైకి ఉండాలో ముందే తేల్చుకోండి. అచ్చు అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. తల ఎడమకు రావాలంటే చేప కుడి పక్కకు సిరా పూయాలి. రెండు కళ్లూ ఒకే పక్కనుండే బల్లపరుపు చేపల్లో ఇది ఇంకా ముఖ్యం. కళ్లు ఎడమనున్న చేప కళ్లు కుడినున్నట్టు పడి, చూసేవాళ్లు జాతినే తప్పుగా గుర్తించే అవకాశముంది. ఆ చేపలకు కాగితాన్ని ఒంటికి అతికించి, పైనుంచి పట్టుగుడ్డ చుట్టిన దూది ఉండతో సిరా అద్దే పద్ధతి మేలు. అందులో బొమ్మ తిరగబడదు.

సిరా, అచ్చు

అంగుళం వెడల్పు కుంచెతో తల నుంచి తోకకు పల్చగా పూయండి. తర్వాత దాదాపు ఆరిన కుంచెతో తోక నుంచి తలకు తేలిగ్గా లాగితే పొలుసుల అంచులకు సిరా అందుతుంది. పొట్ట దగ్గర తగ్గించండి. రెక్కలు త్వరగా ఆరతాయి కాబట్టి వాటిని చివర్లో పూయండి. కంటి మీద సిరా తుడిచేయండి, చుట్టూ పలక మీద పడ్డ మరకలు కూడా.

కాగితం నునుపు వైపు కిందికి పెట్టి, ముందు ఒంటి మధ్యలో ఆనించండి. ఒక చేత్తో కదలకుండా పట్టి, రెండో చేతి వేళ్లతో మధ్య నుంచి అంచులకు నొక్కుతూ రండి. నొక్కాలే తప్ప రుద్దకూడదు. జరిగితే జోడు గీతలు పడతాయి. రెక్కలను కింద నుంచి వేలు ఆనించి ఒత్తండి. ఒక పక్క నుంచి నెమ్మదిగా ఎత్తండి. మొదటి అచ్చు సాధారణంగా నల్ల ముద్దలా వస్తుంది, అది పారేసే రకం. సిరా మళ్లీ పూయకుండానే తీసే రెండోది, మూడోది చూడండి. పక్కగీత (చేప ఒంటి పక్కన తల నుంచి తోక దాకా సాగే గీత), దాని మీది ఒక్కో పొలుసులోని చిన్న రంధ్రం కూడా విడిగా కనిపిస్తాయి.

అచ్చు ఆరాక కన్ను సన్నటి కుంచెతో వేయాలి. చేప ఎదురుగా ఉండగానే వేయండి. చాలా చేపల్లో నల్లగుడ్డు పూర్తి గుండ్రం కాదు, ముక్కు వైపు కాస్త సాగి ఉంటుంది. ఊహించి వేసిన కన్ను మనిషి కన్నులా తయారవుతుంది.

మనిషిని కాగితం మీదికి తేవడం

ఒక్క చేప అచ్చు దగ్గర ఆగితే అది రికార్డు. మన పాత్ర కూడా అదే కొలతలో పక్కన పడితే మాట మారుతుంది. ఆ చేపను పట్టిన వల ముక్కకు సిరా పూసి అదే కాగితం మీద తీయండి. వల కన్ను (దారాల మధ్య ఖాళీ), చేప తల వెడల్పు పక్కపక్కనే ఉంటే ఏది తప్పించుకోగలదో, ఏది కాదో వివరణ లేకుండానే తెలుస్తుంది. లేదా వండక ముందు చేప, తిన్నాక దాని ముల్లు. ముల్లును కొన్ని నిమిషాలే ఉడికించి కండ వదిలించి ఆరబెట్టండి. ఎక్కువసేపు ఉడికితే కీళ్లు విడిపోతాయి. అలంకారం కోసం అలలు, నాచు గీయకండి. కొలత చెప్పే నిజాన్ని అవి మెత్తబరుస్తాయి.

ముడతలు పోవాలంటే వెనక మరో కాగితం అతికించాలి. సిరా ఒక రోజు ఆరాక, తడి తగిలితే కదులుతుందేమో ఒక మూల పరీక్షించండి. మైదా 1 వంతు, నీళ్లు 5 వంతులు సన్న మంట మీద కలుపుతూ ఉడికించి, వడకట్టి చల్లార్చండి. మీగడంత పల్చగా ఉండాలి. అచ్చును గాజు మీద బోర్లా పరిచి, నీళ్లు చిలకరించి, మధ్య నుంచి అంచులకు కుంచెతో ముడతలు తీయండి. వీపుకు జిగురు పూసి, నాలుగు వైపులా రెండు అంగుళాలు పెద్దదైన కాగితం దాని మీద పరచండి. ఎత్తి అంచులను మాత్రమే బల్లకు అతికించి ఒక రోజు వదిలేస్తే బిగుతుగా ఆరుతుంది. తర్వాత చీటీలోని వివరాలు పెన్సిల్‌తో ముందు వైపే, చేప కింద రాయండి. వెనక రాసినవి ఫ్రేములోకి వెళ్లాక ఎవరికీ కనిపించవు.